కట్టు వేశారు సరే, ఆ రాత్రి వేళ్లు చూసేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

యాక్సిడెంట్ వార్తలు పేపర్లో దాదాపు రోజూ వస్తుంటాయి. చాలా వాటికి చివరి వాక్యం ఒకటే: కాలు విరిగింది, ఆపరేషన్ చేశారు, ప్రాణానికి ప్రమాదం లేదు. అది చదివి అందరూ హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేస్తారు. నేను ఇరవై రెండేళ్లుగా ఎముకల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆ వాక్యం అయిపోయిన చోటే మా డ్యూటీ మొదలవుతుంది. ఇంటివాళ్ల డ్యూటీ కూడా అక్కడే మొదలవ్వాలి, కానీ ఆ సంగతి వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పరు. విరిగిన ఎముకని సరిచేసి కట్టు వేయడానికి డాక్టర్‌కి పట్టేది కొన్ని నిమిషాలు, ఆపరేషన్ అయితే కొన్ని గంటలు. ఆ చెయ్యో కాలో మళ్లీ పనికొస్తుందా లేదా అన్నది మాత్రం, ఆ రాత్రి పక్కన కూర్చున్న మనిషి ఏం గమనించారు, గమనించింది ఎవరికి చెప్పారు అన్నదాని మీద చాలాసార్లు ఆధారపడి ఉంటుంది. ఉత్తరం కొంచెం పెద్దదైంది, వీలైతే పూర్తిగా వేయండి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది జరిగిన సంగతి చెప్తాను. నైట్ డ్యూటీలో ఉన్నాను. తొమ్మిదేళ్ల పిల్లాడు, కింద పడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి, సాయంత్రం సరిచేసి మోచేతి పైదాకా పిండికట్టు వేసి వార్డుకి పంపారు. పదింటికి ఏడుపు మొదలుపెట్టాడు. రాసిచ్చిన నొప్పి మందు ఇచ్చాను. పన్నెండింటికి వాళ్లమ్మ వచ్చి, "సిస్టర్, మందు వేసినా వీడికి తగ్గట్లేదు, ఒకసారి వచ్చి చూడండి" అంది. వెళ్లి చూశాను. గోరు నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే ఎర్రబడింది, వేళ్లు వెచ్చగానే ఉన్నాయి, కొంచెం ఉబ్బి ఉన్నాయి. "ఎముక విరిగితే ఆ మాత్రం నొప్పి ఉంటుందమ్మా, పొద్దుటికి సర్దుకుంటుంది" అని చెప్పి వచ్చేశాను. ఆమె నా మాట నమ్మింది. రెండింటికి మళ్లీ వచ్చింది. అప్పుడు చెయ్యి కింద ఇంకో దిండు పెట్టి ఎత్తు చేశాను. తెల్లవారుజామున మా హెడ్ సిస్టర్ రౌండ్‌కి వచ్చి, ఎవరితో ఏమీ మాట్లాడకుండా, వాడి నడిమి వేలు కొన పట్టుకుని చాలా మెల్లగా వెనక్కి చాపింది. వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆవిడ నా వైపు చూడలేదు. "డాక్టర్‌ని పిలు, కట్టు కోసే మిషన్ పట్రా" అంది, అంతే.

కట్టు నిలువునా చీల్చారు. లోపలి దూది కూడా చర్మం కనపడేదాకా కోశారు. అయినా సరిపోలేదు, థియేటర్‌కి తీసుకెళ్లి ముంజేయి పొడవునా కోసి కండరాల మీది పొరని తెరవాల్సి వచ్చింది. చెయ్యి అయితే దక్కింది. కానీ చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, అరచేయి బల్ల మీద ఆనించరా నాన్నా అంటే, వాడి వేళ్లు పూర్తిగా ఆనలేదు, వంగే ఉండిపోయాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కేస్‌షీట్‌లో నా చేత్తో రాసిన 'రక్తప్రసరణ బాగుంది' అన్న లైను మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందు కనపడుతుంది.

దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. పేరు పెద్దదే గాని సంగతి అందరికీ అర్థమయ్యేదే. ముంజేతిలో, పిక్కలో కండరాలు గట్టి పొరల సంచుల్లో బిగించినట్టు ఉంటాయి, ఆ సంచులు సాగవు. ఎముక విరిగినప్పుడు లోపల రక్తం చేరి వాపు పెరుగుతుంది, దానికి తోడు పైన బిగువు కట్టు ఉంటే లోపలి ఒత్తిడి పెరిగి పెరిగి కండరానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోతాయి. పెద్ద నాళాల్లో రక్తం పారుతూనే ఉంటుంది కాబట్టి నాడి దొరుకుతుంది, గోరు ఎర్రబడుతుంది. లోపల కండరం మాత్రం చచ్చిపోతుంటుంది. ఒక ఆరు గంటలు ఇలాగే గడిస్తే ఆ కండరం మళ్లీ కోలుకోవడం కష్టం. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు, బిగువు కట్ల తర్వాత చేతులు వంకరపోవడం గురించి జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోక్‌మాన్ 1881లోనే రాశాడు, అందుకే అలా వంగిపోయిన చేతిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

అందుకని దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. కట్టు వేశాక నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గకుండా గంటగంటకీ పెరుగుతోంది, మందు వేసినా ఆగట్లేదు, వేలిని వేరేవాళ్లు మెల్లగా చాపితేనే తట్టుకోలేకపోతున్నారు అంటే అది మామూలు ఎముక నొప్పి కాదు. తర్వాత తిమ్మిరి వస్తుంది, చీమలు పాకినట్టు ఉంటుంది, వేళ్లు కదపలేకపోతారు. వేళ్లు పాలిపోవడం, చల్లబడటం, నాడి అందకపోవడం అన్నవి చివర్లో వచ్చేవి, వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. పసిపిల్లలు నొప్పి ఇలా ఉంది అని చెప్పలేరు, వాళ్ల విషయంలో ఆగని ఏడుపు, నిలకడ లేకుండా కొట్టుకోవడం, నొప్పి మందు మళ్లీ మళ్లీ కావాల్సిరావడం, ఇవే గుర్తులు. ఇంకో సంగతి, మామూలుగా వాపు తగ్గడానికి మొదటి రెండు మూడు రోజులు చెయ్యి గాని కాలు గాని గుండె కంటే ఎత్తులో పెట్టమంటాం, అది మంచిదే. కానీ ఈ అనుమానం వచ్చినప్పుడు ఎత్తకూడదు, గుండెకి సమానంగా ఉంచాలి, ఎత్తితే లోపలికి వెళ్లే కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది. ఆ రాత్రి నేను ఇంకో దిండు పెట్టి చేసింది సరిగ్గా ఆ తప్పే.

ఇప్పుడు నేను పిల్లలతో ఒక ఆట ఆడతాను. రాయి, కాగితం, కత్తెర. కట్టు ఉన్న చేత్తోనే. పిడికిలి బిగిస్తే ఒక నరం పనిచేస్తున్నట్టు, అరచేయి వేళ్లు చాపితే ఇంకోటి, కత్తెరలాగా రెండు వేళ్లు విడదీస్తే మూడోది. చివర్లో బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుట్టమంటాను, దానితో లోపల ఉన్న ఇంకో నరం కొమ్మ సంగతి కూడా తెలుస్తుంది. పిల్లలకి పరీక్ష చేస్తున్నట్టే ఉండదు. గంటకోసారి వెళ్లి ఆడతాను, నిన్న చేసింది ఇవాళ చేయలేకపోతే, లేదా ఇప్పటిదాకా ఆడినవాడు ఒక్కసారిగా నా వల్ల కాదు అని మొహం తిప్పుకుంటే, డాక్టర్‌ని నిద్ర లేపుతాను. ఆట ఆడి చూడటం తల్లిదండ్రులకీ నేర్పుతాను. వాళ్లు నాకన్నా బాగా పట్టుకుంటారు, ఎందుకంటే తమ బిడ్డ మామూలు ఏడుపు ఏదో, కానిది ఏదో వాళ్లకి తెలుసు.

అసలు ఎముక అంటే ఏదో ఎండిన కర్రలాంటిది అన్నట్టు మాట్లాడతారు చాలామంది. అది బతికున్న భాగం, దానిలో రక్తం పారుతుంది, దాని పైపొర నిండా నరాలుంటాయి, విరిగినప్పుడు అంత నొప్పి అందుకే. పెద్దవాళ్లలో తొడ ఎముక ఒక్కటి విరిగితే, బయటికి చుక్క కారకపోయినా, తొడ లోపలే లీటరు, లీటరున్నర దాకా రక్తం చేరిపోవచ్చు. ఒంట్లో మొత్తం ఉండేది సుమారు ఐదు లీటర్లు. కటి ఎముకలు విరిగితే ఇంకా ఎక్కువ పోతుంది. పైకి గాయం లేదు కదా అని తీరిగ్గా తీసుకొచ్చేవాళ్లు, ఆ మనిషి చెమటలు పట్టి, పాలిపోయి, దాహం దాహం అంటుంటే అది భయం వల్ల అనుకుంటారు. లోపల రక్తం పోతోందని అర్థం.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. మొదటి ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో తూటా తగిలి తొడ ఎముక విరిగిన సైనికుల్లో దాదాపు 80 శాతం మంది చనిపోయేవారని వైద్య చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. లివర్‌పూల్‌లో పనిచేసిన హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక చట్రం తయారుచేశాడు, ఒక రింగు, రెండు కడ్డీలు, కాలిని చాపి కదలకుండా పట్టి ఉంచేది. ఆయన బతికుండగా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ పట్టుబట్టి దాన్ని యుద్ధభూమికి చేర్చాడు. గాయపడిన చోటే, స్ట్రెచర్ మోసేవాళ్లే ఆ చట్రం కట్టడం మొదలుపెట్టాక చావులు 20 శాతం దరిదాపులకి దిగాయి. యాంటీబయాటిక్స్ అప్పటికి లేనే లేవు. కాలు కదలకుండా జాగ్రత్తగా మోసుకురావడం అందులో పెద్ద మార్పు. రోడ్డు మీద పడిపోయిన మనిషిని నలుగురు చేతులూ కాళ్లూ పట్టి లాగి ఏదో ఒక బండిలోకి ఎక్కించడం చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

కాబట్టి ఎవరైనా పడితే, అక్కడ ఇంకో ప్రమాదం ముంచుకొస్తే తప్ప, ముందు కదపకండి. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. మెడ, నడుము నొప్పి అంటున్నా, కాళ్లు స్పర్శ లేవంటున్నా అసలు లేపి కూర్చోబెట్టొద్దు. వంకరపోయిన చేతిని లాగి సరిచేయాలని చూడొద్దు, ఏ వంకరలో ఉందో ఆ వంకరలోనే ఏదైనా అట్టముక్కో, చెక్కో, మడిచిన పేపరో ఆసరా పెట్టి, విరిగిన చోటుకి పైన ఉన్న కీలూ కింద ఉన్న కీలూ రెండూ కదలకుండా కట్టండి. కట్టాక వేళ్లు చూడండి. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి రావు, కోయాల్సి వస్తుంది. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తినడానికి ఏమీ పెట్టకండి. మర్దన అసలే వద్దు, విరిగిన ముక్క పక్కనే నరమో రక్తనాళమో ఉంటుంది, దాన్ని కోసేయొచ్చు.

చర్మం చీలి ఎముక బయటికి కనపడితే, అది ఎంత చిన్న గాయమైనా సరే, అర్జెంట్ కేసు. లోపలికి నెట్టొద్దు, మన్నూ మందూ ఏదీ పూయొద్దు, శుభ్రమైన తడి గుడ్డ కప్పి, రక్తం కారుతుంటే గాయం పక్కన ఒత్తిపట్టి తీసుకురండి. యాంటీబయాటిక్ ఎంత తొందరగా ఒంట్లోకి వెళ్తే అంత మంచిది, మొదటి గంటలోనే పడితే మరీ మంచిది. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో గుర్తుంటే చెప్పండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, అయినా నొప్పి పోలేదు అంటూ రెండు నెలల తర్వాత వచ్చేవాళ్లు ఉంటారు. మణికట్టులో, బొటనవేలి వైపు, జీడిగింజంత చిన్న ఎముక ఒకటి ఉంటుంది, స్కాఫాయిడ్ అంటారు. చెయ్యి ఆనించి పడినప్పుడు అది విరుగుతుంది, మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. దానికి రక్తం అందే దారి కూడా తక్కువ, పట్టించుకోకుండా వదిలేస్తే అతుక్కోదు, ఒక్కోసారి సగం ముక్క చచ్చిపోతుంది. బొటనవేలి మొదట్లో గుంటలాగా ఉండే చోట నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగున్నా ముందు జాగ్రత్తగా కట్టు వేసి పది పద్నాలుగు రోజులకి మళ్లీ తీస్తారు, లేదా ఎమ్మారై చేయిస్తారు. అలా మళ్లీ రమ్మంటే డబ్బు కోసం అనుకోకండి, వెళ్లండి. అలాగే 'వేళ్లు కదులుతున్నాయి కాబట్టి విరగలేదు', 'నడవగలుగుతున్నాడు కాబట్టి విరగలేదు' అన్న మాటలు కూడా నిజం కాదు. విరిగిన చీలమండతో నాలుగడుగులు వేసి వచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను.

తొడ, పిక్క లాంటి పొడుగు ఎముకలు విరిగిన పేషెంట్ల దగ్గర మొదటి మూడు రోజులు నేను ఇంకోటి కూడా చూస్తాను. ఉన్నట్టుండి ఆయాసం రావడం, మనిషి అయోమయంగా మాట్లాడటం, ఛాతీ మీద, చంకల్లో, కంటి రెప్పల లోపల సన్నటి ఎర్రటి చుక్కలు. ఎముక లోపలి కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి, మెదడుకి చేరితే ఇలా అవుతుంది. 'నిద్ర లేక అలా మాట్లాడుతున్నాడు సిస్టర్' అంటారు పక్కనున్నవాళ్లు. ముందు ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. ఆ తర్వాతి రోజుల్లో పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అందుకే పాదాన్ని పైకీ కిందకీ ఆడించమని చెవిలో జోరీగలా చెప్తుంటాం, రక్తం పలుచబడే ఇంజెక్షన్లు ఇస్తాం. అవి అనవసరం అని ఇంటికెళ్లాక మానేయకండి. ఒక్క పిక్కే వాచి నొప్పిగా ఉన్నా, ఛాతీలో నొప్పితో ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంటికి పంపిన కట్టు సంగతి. పిండికట్టు వేసిన కాసేపటికే గట్టిపడినట్టు కనపడుతుంది కానీ లోపల పూర్తిగా ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆలోపు వేళ్ల కొసలతో పట్టుకుంటే అక్కడ సొట్ట పడుతుంది, ఆ సొట్ట లోపల చర్మాన్ని నొక్కి నొక్కి పుండు చేస్తుంది. అరచేతులతో పట్టుకోవాలి, దిండు మీద ఉంచాలి, దుప్పటి కప్పకుండా గాలి తగలనివ్వాలి. ఫైబర్ కట్టు తొందరగా గట్టిపడుతుంది, కానీ లోపల దూది ఉంటుంది కాబట్టి దానికీ నీళ్లు తగలకూడదు. దురద పుడుతుంది, నిజమే, భరించలేనంత పుడుతుంది. ఒకసారి కట్టు విప్పితే లోపల పెన్ను మూత దొరికింది, కాలేజీ కుర్రాడు, దురదకి పెన్ను దూర్చి గోక్కుంటే మూత ఊడి లోపలే ఉండిపోయిందట, ఎవరికైనా చెప్తే తిడతారని చెప్పలేదట. మూడు వారాలు. ఆ మూత ఆకారంలోనే పిక్క మీద పుండు పడింది, చుట్టూ చీము. ఏదీ దూర్చకండి, పౌడర్ వేయకండి, హెయిర్ డ్రయర్ ఉంటే చల్లగాలి పెట్టి కొట్టండి. కట్టు మీద ఒకేచోట వేడిగా తగలడం, తడి మరక పైకి రావడం, వాసన రావడం, జ్వరం, ఇవి కనపడితే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు.

ఎన్నాళ్లకి అతుక్కుంటుంది అని అడగని పేషెంట్ లేడు. ముందు విరిగిన చోట రక్తం గడ్డ కడుతుంది, రెండు మూడు వారాల్లో మెత్తటి అతుకు వస్తుంది, తర్వాత అది గట్టిపడుతుంది. పెద్దవాళ్లలో చేతి ఎముకలకి సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు, కాలి పెద్ద ఎముకలకి మూడు నాలుగు నెలలు, పిల్లలకి ఇంకా తొందరగా. రాడ్డు వేసినా ప్లేటు వేసినా అతికేది ఎముకే, లోహం అప్పటిదాకా పట్టి ఉంచుతుంది అంతే. సిగరెట్ తాగేవాళ్లకి ఆలస్యం అవుతుంది, అసలు అతుక్కోకపోనూ వచ్చు. ఇది బెదిరించడానికి చెప్పేది కాదు. షుగర్ అదుపులో లేకపోయినా అంతే.

పెద్దవాళ్ల తుంటి గురించి రాయకుండా ఈ ఉత్తరం ఆపలేను. ఇంట్లోనే జారిపడతారు, కాలు పొట్టిగా అయి బయటివైపు తిరిగిపోతుంది, లేవలేరు. 'ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, మంచంలోనే చూసుకుంటాం' అనే మాట ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ తుంటి విరిగిన ముసలివాళ్లకి మంచమే పెద్ద శత్రువు. ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మడమల దగ్గర, నడుము కింద పడక పుండ్లు పడతాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేలోపు ప్రతి ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువమంది, చనిపోతున్నారు. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసి, మర్నాడే మంచం దింపి నిలబెట్టాలంటారు. 'నిన్ననే కోశారు, ఇవాళ నిలబెడతారా' అని మా మీద కోప్పడతారు. నొప్పి మందు ముందే ఇచ్చి, ఇద్దరం పట్టుకుని, వాకర్ ఇచ్చి నిలబెడతాం. ఆ మొదటి నాలుగు అడుగుల మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఒక అవ్వ ఉండేది, ఆపరేషన్ అయిన రాత్రి సెలైన్ పీకేసి, నన్ను చూసి చనిపోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. కొడుకు భయపడిపోయాడు, అమ్మకి మతి పోయిందా అని. మతి పోలేదు. ఆపరేషన్, నొప్పి, నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త చోటు, అన్నీ కలిసి పెద్దవాళ్లకి అలా అవుతుంది. ఇన్‌ఫెక్షన్ ఏదైనా ఉందేమో చూశాం, నొప్పి మందు సరిచేశాం, ఆమె కళ్లద్దాలు తెప్పించి పెట్టాం, వినికిడి మిషన్ బ్యాగులోనే ఉండిపోయింది, అది తీసి చెవికి పెట్టాం, కొడుకుని పక్కనే కూర్చుని మామూలు మాటలు మాట్లాడమన్నాం. రెండు రోజులకి తేరుకుంది. ఆ కళ్లద్దాలు, ఆ చెవి మిషన్ ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ రాసి ఉండవు. నర్సింగ్ అంటే మాకు ఇదే. రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడుకోబెట్టడం, మడమ కింద ఒత్తిడి లేకుండా పిక్క కింద దిండు పెట్టడం, నొప్పి మందు వల్ల మలబద్ధకం వస్తుందని ముందే చూసుకోవడం, విరిగిన కాలిని లాగి ఉంచడానికి కట్టే ట్రాక్షన్ బరువులు నేలకో మంచానికో తగలకుండా గాల్లో వేలాడుతున్నాయో లేదో వచ్చినప్పుడల్లా వంగి చూడటం. ఇంకోటి, పెద్ద దెబ్బ లేకుండా ఊరికే నిలబడ్డ చోటు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో చూపించాలి. అతికించి పంపేసి ఆ సంగతి వదిలేస్తే, రెండోది విరగడానికి ఎక్కువ కాలం పట్టదు.

చంక కర్రలు ఇచ్చి పంపేటప్పుడు నేర్పాలి కూడా. బరువు చేతుల మీద పడాలి, చంకల మీద కాదు, చంకలో నొక్కుకుంటే నరం దెబ్బతిని చెయ్యి వాలిపోతుంది. కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. ఫిజియోథెరపీ నొప్పిగా ఉందని మానేసేవాళ్లకి చెప్తున్నాను, ఎముక బ్రహ్మాండంగా అతుక్కుని కీలు బిగుసుకుపోయిన చేతులు మా ఓపీలో ఎన్నో ఉన్నాయి.

ఇదంతా చేయడానికి నర్సు ఉండాలి కదండీ. మొదటి రోజు గంటకోసారి ప్రతి పేషెంట్ వేళ్ల రంగు, వేడి, స్పర్శ, కదలిక చూసి రాయాలి, ఆరోగ్యంగా ఉన్న రెండో చేత్తో పోల్చి చూడాలి. వార్డు నిండా పేషెంట్లని పెట్టి రాత్రికి ఒక్కరిని ఉంచితే ఆ చార్టు నిండుతుంది గాని చూపు నిండదు. నేను రాసిన ఆ లైను అలా రాసిందే. డాక్టర్లకీ ఒక మాట, అర్ధరాత్రి ఒంటిగంటకి కొత్తగా చేరిన సిస్టర్ ఫోన్ చేసి 'నొప్పి ఎక్కువగా ఉంది సార్' అంటే, విసుక్కోకుండా 'వేలు చాపి చూశావా అమ్మా' అని ఒక్కటి అడగండి. విసుక్కుంటే ఆ అమ్మాయి రెండోసారి ఫోన్ చేయదు.

మీ పేపర్‌కి నా విన్నపం ఏమిటంటే, యాక్సిడెంట్ వార్తలు వేసే పేజీలోనే అప్పుడప్పుడు చిన్న పెట్టె కట్టి ఈ ప్రశ్నలు వేయండి. ఇంట్లో ఎవరికైనా కట్టు వేస్తే ఆస్పత్రి గుమ్మం దాటకముందే అడగాల్సినవి: వేళ్లు ఎలా ఉంటే వెంటనే తిరిగి రావాలి, రాత్రిపూట ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి, ఎవరూ ఎత్తకపోతే ఎక్కడికి వెళ్లాలి, ఈ కాలు మీద ఎంత బరువు ఎప్పటి నుంచి మోపొచ్చు. జవాబులు నోటితో చెప్తే సరిపోదు, మీకు అర్థమయ్యే భాషలో కాగితం మీద రాయించుకోండి. రాయడానికి టైం లేదంటే నర్సుని అడగండి, మేం రాసిస్తాం.

ఇట్లు,
ఎముకల వార్డు స్టాఫ్ నర్సు
(పేరు వేయవద్దని మనవి)